చెక్క మీద నిలబడ్డ చలికాలం

మా ఊరికి కరెంటు రాకముందే నాకు షాక్ కొట్టింది. ఈ మాట చెబితే మా అపార్ట్‌మెంటులో పిల్లలు నవ్వుతారు. "స్తంభాలే లేకుంటే షాక్ ఎట్ల కొడతది అమ్మమ్మా?" అని లిఫ్టులో నన్ను ఆటపట్టిస్తారు. నాకు మనవలు లేరు. ఈ మేడలో ఉన్న పిల్లలందరూ నన్ను అమ్మమ్మా అనే పిలుస్తారు, పిలిచి ఎవరి ఫ్లాటులోకి వాళ్ళు వెళ్ళి తలుపేసుకుంటారు. చలికాలంలో లిఫ్టు ఇనుప తలుపు ముట్టుకోగానే చిటుక్కుమంటే వాళ్ళు చెయ్యి విదిలించుకుని గంతులేస్తారు. నేను ఉలిక్కిపడను. ఆ చిటుకుతో నాకు చాలా పాత పరిచయం.

నలభయ్యో దశకం చివరి రోజులవి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని పట్నం పోయి వచ్చినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మా దగ్గర ఇంకా నిజాం హాలీ సిక్కా నాణేలే చెల్లుతుండేవి. కొండాపూర్ అంటే అప్పుడు బండలు, బండల నడుమ సీతాఫలం చెట్లు, ఈతచెట్లు, అక్కడక్కడ జొన్నచేలు. పట్నంలో గడబిడగా ఉందని ఒక సేటు తన అచ్చు మిషనును విప్పి, ఎడ్లబండ్ల మీద తెచ్చి, మా ఊరి బయట తన తోటలో ఉన్న రాతి కొట్టంలో బిగించాడు. బీడీ కట్టల మీద అంటించే లేబుళ్ళు అచ్చువేసే మిషను అది. నడపడానికి పక్కనే తాటాకు పందిరి కింద ఒక నూనె ఇంజను, ఇంజను నుంచి మిషను దాకా పొడుగాటి తోలు పట్టా. పొద్దున్నే ఇంజను మొదలైతే ఊరు ఊరంతా లేచి కూర్చునేది.

అప్పటికి నేను మా అన్న ఇంట్లో ఉన్నాను. నన్ను మియాపూర్‌లో ఇచ్చారు. ఇచ్చిన ఏడాది తిరక్కుండానే ఆయన జ్వరంతో పోయాడు, నేను మూట కట్టుకుని పుట్టింటికి వచ్చాను. మా ఇళ్ళల్లో మారుమనువు మాట ఎత్తేవాళ్ళు కాదు. మా వదిన చెడ్డది కాదు. వేళకు అన్నం పెట్టేది, పెట్టేటప్పుడు గంటెను కాస్త ఎత్తి పట్టుకుని పైనుంచి వేసేది. పిల్లలు నా వైపు పాకుతూ వస్తే "అటు కాదు బిడ్డా" అని మెల్లగా ఎత్తుకుని పోయేది. ఊళ్ళో ఎవరైనా పనిమీద బయలుదేరుతుంటే నేనే ముందుగా చూసుకుని గోడ చాటుకు తప్పుకునేదాన్ని. ఒక్కరు కూడా తిట్టలేదు, కొట్టలేదు. ముట్టుకోనూ లేదు. మనిషి చర్మం మీద ఇంకో మనిషి చెయ్యి పడకుండా రోజులు గడిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒంట్లో ఏ నొప్పీ ఉండదు, అయినా ఏదో జబ్బు చేసినట్టే ఉంటుంది.

సేటుకు ఆడకూలీలు కావలసివచ్చి ఊళ్ళో అడిగించినప్పుడు, అన్న నన్ను పంపించాడు. అక్కడ మిషను నడిపే మేస్త్రి కోస్తా వైపు మనిషి, బెజవాడలో పని నేర్చుకున్నవాడు. ప్రతివాళ్ళనీ అండీ అనేవాడు. మొదట్లో ఆ అండీలకు మా ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. ఆయన పైనుంచి ఒక్కో కాగితపు తావు మిషనులోకి అందిస్తే, అది అచ్చు పడి, వేళ్ళలాంటి చెక్క బద్దల మీదుగా ఇవతలికి వాలేది. ఆ తావును రెండు చేతులా అందుకుని, అంచులు సరిచేసి, దొంతి పెట్టడం నా పని. నా దొంతిని అందుకుని కత్తి దగ్గరికి చేర్చడం, కోసిన లేబుళ్ళను కట్టలు కట్టించడం ఒక పెద్దామె పని. మిగతా ఆడవాళ్ళకు ఆమే పెద్ద. మా ఊరి మనిషే, వరసకు అత్త అవుతుంది. గొంతు ఇంజను మోతను మించి వినిపించేది.

ఆ లేబుళ్ళ మీదే నాకు అక్షరాలు వచ్చాయి. తావు నా వైపుకు తలకిందులుగా వాలేది కాబట్టి నేను మొదట నేర్చుకున్న అక్షరాలు తలకిందుల అక్షరాలే. ఇవాళ్టికీ ఎదుటివాళ్ళ చేతిలో ఉన్న పేపరు వాళ్ళకంటే ముందు నేనే చదివేస్తాను.

కాగితం పొడిగా ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని విడవదు, మనుషులకు చురుకు తగులుతుంది అని మేస్త్రి వచ్చిన కొత్తలోనే చెప్పాడు. అందుకు ఆయన చేయించే పనులు మాకు వింతగా ఉండేవి. పొద్దున్నే కొట్టంలో నేల బండల మీద నీళ్ళు చల్లించేవాడు. తడిపిన గోనెసంచులు కిటికీలకు వేలాడదీయించేవాడు. మిషను కాలికి ఒక రాగి తీగ కట్టి, దాన్ని గోడ బయటికి తీసి, అక్కడ బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గుంతలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీకి చుట్టాడు. ఆ కడ్డీ మొదలు దగ్గర రోజూ చెంబెడు నీళ్ళు పోయాలి. ఆ పని నాకు అప్పగించాడు. "నీళ్ళు మర్చిపోతే మొక్క చచ్చిపోతుందమ్మా" అనేవాడు నవ్వుతూ. ఆ ఇనుప మొక్కకు నేను ఒక్కనాడూ నీళ్ళు తప్పించలేదు. నా కోసం ఎదురుచూసేది ఊళ్ళో అదొక్కటే అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను.

ఆ ఏడు దసరాకు మేస్త్రి తన ఊరికి వెళ్ళాడు. రైళ్ళ సంగతి నమ్మకంగా లేని రోజులు, వారంలో వస్తానన్న మనిషి కార్తీకం దాటుతున్నా రాలేదు. ఇంజను నడిపే ఆయనే మిషను మీదికి ఎక్కి తావులు అందించసాగాడు. కాగితం సంగతి ఆయనకేమీ తెలియదు.

దసరానాడు మిషనుకు పూజ చేశారు. అత్తే అన్నీ చూసుకుంది. మిషనును తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. కింద బండల మీద ఎర్రమట్టితో అలికి పెద్ద ముగ్గు వేశారు. నేను తోటలో సీతాఫలం చెట్టు కింద కూర్చుని లోపలి గంట వింటున్నాను. నా వంతు ప్రసాదం ఆకులో పెట్టి గడప అవతల పెట్టి వెళ్ళారు.

మర్నాడు పనికి వెళ్తే నేను నిలబడే చోట ఒక పాత తలుపు రెక్క పరిచి ఉంది. కింద ఇటుకలు పెట్టి నేలకు జానెడు ఎత్తున లేపారు.

"పూజ అయిన జాగ బిడ్డా. లచ్చిమి కూసున్న నేల. నీ కాలు దాని మీద పడొద్దు. ఎనక దర్వాజ నుంచి వచ్చి సీదా దీని మీదికెక్కు, దీని మీదికెల్లే దిగిపో" అంది అత్త. గొంతులో కోపమేమీ లేదు. పీట జరిపి వెయ్యి అన్నంత మామూలుగా చెప్పింది. నాకూ మామూలుగానే అనిపించింది. ఇంట్లో నా కంచం వేరు, చాప వేరు. ఇక్కడ నేల కూడా వేరైంది, అంతే అనుకున్నాను.

ముగ్గు చెరిగిపోతుందని బండల మీద నీళ్ళు చల్లడం కూడా ఆ రోజు నుంచే ఆపేశారు. తడి గోనెలు కారి ముగ్గు మీద పడతాయని వాటినీ తీసి అవతల పారేశారు. బయట ఉంది కాబట్టి కడ్డీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

తర్వాత చలి ముదిరింది. మా బండల ఊళ్ళో చలికాలం పొడిగాలి పెదాలు చీల్చేస్తుంది. ఒకరోజు దొంతి ఎత్తి అత్త చేతికి ఇస్తుంటే మా వేళ్ళు తగిలాయి. చిటుక్! ఇద్దరి మధ్యా సన్నని నీలం మెరుపు మెరిసింది. అత్త దొంతి వదిలేసి కెవ్వుమంది. తావులన్నీ కొట్టమంతా చెదిరి, కొన్ని నా చీరకు అతుక్కుని వేలాడాయి.

"ఏందే ఇది? నిప్పు పెడ్తున్నవా?"

"నేనేం చెయ్యలే అత్తా."

అదే మొదలు. నేను ఎవరి చేతికి ఏది ఇచ్చినా చిటుకే. మిషను ఇనుము ముట్టుకున్నా చిటుకే. నేను ముట్టుకుంటేనే! ఇంకొకరికి ఇంకొకరితో తగిలితే ఏమీ లేదు. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది అత్త. అందరినీ వరసగా నిలబెట్టి ఒకరి చెయ్యి ఒకరిని పట్టుకోమంది. ఏమీ కాలేదు. "చూసిన్రా" అంది. మొగుణ్ణి మింగింది, ఇప్పుడు ఒంట్లోంచి నిప్పు కక్కుతోంది అనే మాట సాయంత్రానికల్లా ఊరి బావి దగ్గరికి చేరిపోయింది. వదిన ఆ రాత్రి అన్నం గంటెతో కూడా వెయ్యలేదు, గిన్నె నా వైపు తోసింది.

నేనూ నమ్మాను. ఎందుకు నమ్మనూ, కళ్ళారా మెరుపు చూశాక? మర్నాడు తెల్లారకముందే మా ఇంటి పశువుల కొట్టంలోకి పోయి, ముందు చెయ్యి చాచి, వెనక్కి లాక్కుని, మళ్ళీ చాచి, దూడ వీపు మీద వేళ్ళు పెట్టాను. దూడ కదల్లేదు. తిరిగి చూసి నా మోచెయ్యి నాకింది. ఏ మెరుపూ లేదు. అక్కడే దాని మెడ పట్టుకుని ఏడ్చాను. దూడకు కొట్టని షాక్ మనుషులకే ఎందుకు కొడుతోందో తెలియక ఇంకా ఏడ్చాను.

పని దగ్గర ఇక నేను దొంతి ఎవరి చేతికీ ఇవ్వకూడదు. బల్ల మీద పెట్టి వెనక్కి జరగాలి. నేను జరిగాక అత్త వచ్చి తీసుకోవాలి. తలుపు రెక్క దిగకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడేదాన్ని. ఎక్కితే దిగేదాకా నా కాలికి మట్టి తగిలేది కాదు.

కొన్నాళ్ళకు తావులు ఒకదానికొకటి అతుక్కుని, జంటలుగా మిషనులోకి పోయి, రంగు అటూ ఇటూ పడి పాడయ్యేవి ఎక్కువయ్యాయి. సేటు పరేషాన్ అయిపోయి రోజూ వచ్చి నిలబడేవాడు. అలా ఆయన నిలబడి ఉన్నప్పుడే ఆ ప్రమాదం జరిగింది. ఇంజను ఆపి, అత్త పెట్రోలులో ముంచిన గుడ్డతో రంగు రోలర్లు తుడుస్తోంది. అప్పటిదాకా తావులు అందుకుంటున్న నేను, రోలరు మీద చిక్కుకున్న కాగితం ముక్క తీద్దామని చెక్క మీది నుంచే వంగి చెయ్యి చాచాను. చిటుక్కుమన్న చోటే భగ్గుమంది. అత్త చేతిలో గుడ్డ అంటుకుంది. ఆమె విసిరేసిన గుడ్డ పాడైన కాగితాల మీద పడింది. ఇంజను ఆయన గోనెసంచి తెచ్చి కప్పి, తొక్కి, ఎలాగో ఆర్పేశాడు. అత్త చీరంచు కాలింది, వేళ్ళు కాస్త కమిలాయి. ఆ లోపల ఉన్న కాగితమూ పెట్రోలూ తలుచుకుంటే, మేమందరం బతికి బయటపడడమే గొప్ప.

అందరూ నన్నే చూశారు. నేను ఇంకా తలుపు రెక్క మీదే ఉన్నాను. దిగి పరుగెత్తాలని కూడా నాకు తట్టలేదు, కింద ముగ్గు ఉంది కదా.

"నీకు దండం పెడ్తనమ్మా. రేపటి సంది రాకు" అన్నాడు సేటు.

అంతే, అయిపోయింది. ఆ పని పోతే నాకు మిగిలేది వదిన వంటింటి వెనక మూల. ఇప్పుడు నిప్పుల మనిషినన్న పేరు కూడా తోడు. ఆ మూలలో నేనింకా ఎన్నేళ్ళు బతకాలో లెక్కపెట్టుకుంటూ ఇంటికి నడిచాను. చావాలని అనుకోలేదు. నేను మొండిదాన్ని, అలాంటి ఆలోచనలు నాకు రావు. కానీ బతకడానికి ఒక చోటు కావాలి కదా.

మర్నాడు వద్దన్నా వెళ్ళాను. లోపలికి పోలేదు. కడ్డీకి నీళ్ళు పోసి, ఆ పక్కనే బండ మీద కూర్చున్నాను. ఆ నీళ్ళు పొయ్యొద్దని నాకెవరూ చెప్పలేదు! లోపల నా చోట ఇంకొకామెను నిలబెట్టబోతే ఆమె ఆ చెక్క ఎక్కనని ఏడుస్తోంది. అత్త అరుస్తోంది. అప్పుడు హఫీజ్‌పేట స్టేషను దారిన మూట నెత్తిన పెట్టుకుని మేస్త్రి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"ఏమ్మా, బయట కూర్చున్నావేంటి? ఒంట్లో బాలేదా?"

"నన్ను రావొద్దన్నరు మేస్త్రీ. నా ఒంట్ల నిప్పు ఉన్నదట."

ఆయన మొహంలో నవ్వు పోయింది. మొత్తం చెప్పమన్నాడు, చెప్పాను. చిటుకు సంగతి, మంట సంగతి, తలుపు రెక్క సంగతి. చివరిది వినగానే మూట అక్కడే పడేసి లోపలికి నడిచాడు. నేను వెనక దర్వాజ దగ్గర నిలబడి చూశాను. ఆయన ముందు నేల బండ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తర్వాత కిటికీలకేసి చూశాడు. తర్వాత తలుపు రెక్కను కాలితో తట్టాడు.

"సేటుగారూ, ఒక్క పూట నా మాట వినండి. తర్వాత మీ ఇష్టం. పెద్దమ్మగారూ, మీరు దీని మీదికెక్కి తావులందుకోండి" అన్నాడు అత్తతో.

"నేనా? అది నిలవడ్డ చెక్క మీద నేను కాలు పెడ్తనా? నా పసుపు కుంకుమలు ఏం గావాలె?"

"జర ఎక్కరాదే, పని ఆగిపోతున్నది" అని సేటు విసుక్కున్నాడు.

సేటు మాట కాదనలేక, తిట్టుకుంటూ, దేవుళ్ళను తలుచుకుంటూ ఎక్కింది. ఇంజను మొదలైంది. మేస్త్రి తావులు అందించడం, అత్త అందుకోవడం. కాసేపటికి ఆమె ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఒక తావు ఎగిరి వచ్చి ఆమె కొంగుకు అతుక్కుంది. దులిపితే పోలేదు. ఆమె గొంతు తగ్గిపోయింది.

మేస్త్రి మిషను ఆపించాడు. "ఇప్పుడు ఎవరైనా ఈవిడకు చెయ్యి ఇవ్వండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. నిన్నటిదాకా ఆమె మాట జవదాటని ఆడవాళ్ళు చేతులు కొంగుల్లో దాచుకున్నారు. ఇంజను ఆయన ఇంజను దగ్గరే ఉండిపోయాడు. అత్త చెయ్యి చాచి అలాగే నిలబడింది. చెక్క మీద ఒక్కతే. ఆ మొహం నాకు తెలుసు. ఆ మొహంలో ఉన్నదేమిటో ఆ కొట్టంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను గడప దాటాను. వట్టి కాళ్ళతో బండల మీద, చెరిగీ చెరగని ముగ్గు మీద నడిచి వెళ్ళి, వేలు చాచాను. చిటుక్! ఆమె కెవ్వుమంది. నాకూ చురుక్కుమంది, కానీ నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండోసారి ముట్టుకుంటే ఏమీ లేదు. ఆమె వేళ్ళు వేడిగా, కాలిన చోట గరుకుగా ఉన్నాయి. మియాపూర్ నుంచి వచ్చాక నేను పట్టుకున్న మొదటి మనిషి చెయ్యి అది.

"చూశారా" అన్నాడు మేస్త్రి. "కాగితంలో పుట్టేది నేలలోకి పోవాలండీ. నేలకు తగలకుండా ఎండు చెక్క మీద నిలబెడితే ఎవరి ఒంట్లోనైనా ఉండిపోతుంది. ఎవరినైనా తాకితే బయటికి దూకుతుంది. ఆ అమ్మాయి తప్పేం లేదు."

అత్త మెల్లగా తలుపు రెక్క దిగింది. దిగి, కాసేపు నేల మీద పాదాలు రుద్దుకుంటూ నిలబడి, "దీన్ని పొయ్యిల పెట్టున్రి" అంది.

ఆ రోజే బండలన్నీ కడిగేశారు. ముగ్గు నీళ్ళలో కలిసి ఎర్రగా తోటలోకి పారింది. గోనెసంచులు మళ్ళీ వేలాడాయి. మేస్త్రి తీగకు ఇంకో పాయ కలిపి, దర్వాజ పక్కన గోడకు ఒక ఇనుప కమ్మీ బిగించాడు. లోపలికి వచ్చేవాళ్ళెవరైనా ముందు ఆ కమ్మీ పట్టుకుని, తర్వాతే కాగితం ముట్టుకోవాలి, మనుషుల్ని ముట్టుకోవాలి. పెట్రోలు గుడ్డ పట్టుకునేవాళ్ళు అందరికంటే ముందు పట్టుకోవాలి. సేటు నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను నా చోటికి వెళ్ళి నిలబడ్డాను. కాళ్ళ కింద తడి బండ చల్లగా తగిలింది.

అన్నీ బాగైపోయాయని చెబితే అబద్ధమే అవుతుంది. మంచినీళ్ళు నాకు దోసిట్లో పైనుంచే పోసేవాళ్ళు. మధ్యాహ్నం అందరూ ఒక చెట్టు కింద తింటే నేను ఇంకో చెట్టు కింద తినేదాన్ని. నన్ను నేల మీద నిలబడనిచ్చింది నా మీద జాలితో కాదు, మంట భయంతో. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఒళ్ళు మండేది కూడా. కానీ ఒక్కటి మాత్రం కొత్తగా వచ్చింది. అత్తకు చిటుకు భయం పోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, తను కమ్మీ పట్టుకుని, నన్ను పట్టుకోమని, ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుని చూసేది, లోపల ఏమైనా మిగిలిందేమోనని.

"లేదు, పోయింది. ఇగ పని చూడు" అనేది.

రెప్పపాటు పట్టు అది. నాడి చూసే వైద్యుడు కూడా అంతకంటే ఎక్కువసేపే పట్టుకుంటాడు. ఆ రెప్పపాటు కోసం నేను రాత్రంతా ఎదురుచూసేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ, పొద్దున్నే ముంజేతికి పెసరపిండి రుద్దుకుని కడుక్కుని మరీ వెళ్ళేదాన్ని. పట్టుకున్నది మా అత్త, గయ్యాళి మనిషి, నన్ను చెక్క ఎక్కించిన మనిషి. అయినా సరే.

ఎండాకాలం కూడా అలాగే గడిచింది. మృగశిర కార్తెలో వానలు పడ్డాయి. గాలిలో తేమ చేరింది, కాగితాలు మెత్తబడ్డాయి, చిటుకన్న మాటే లేదు. కమ్మీ పట్టుకోవడం అందరూ మర్చిపోయారు. మేస్త్రి కూడా వానాకాలం అక్కర్లేదన్నాడు. అత్త పొద్దున్నే వచ్చి నేరుగా కత్తి దగ్గరికి పోయేది. నేను నా చోట నిలబడి, కాసేపు చెయ్యి ఖాళీగా ఉంచుకునేదాన్ని, ఏమో, గుర్తొస్తుందేమోనని. ఆమెకు గుర్తు రాలేదు. గోడకు కమ్మీ తుప్పు పట్టసాగింది. చలికాలం ఎప్పుడొస్తుందా అని ఊళ్ళో ఎదురుచూసింది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

చలికాలం రాకముందే పట్నం సర్దుకుంది. సేటు మిషనును తిరిగి తీసుకుపోతానన్నాడు. శ్రావణంలో, ముసురు పట్టిన రోజున, ఎడ్లబండ్లు వచ్చాయి. మేస్త్రి మిషను విప్పి ముక్కలు ముక్కలుగా ఎక్కించాడు. తీగ చుట్ట చుట్టాడు. చివరికి గుంత తవ్వి కడ్డీ కూడా లాగేశాడు. "నీ మొక్కను పీకేస్తున్నానమ్మా, ఏమనుకోకు" అన్నాడు. నేను నవ్వాను. ఆడవాళ్ళంతా కొంగులు నెత్తిన కప్పుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయారు. బండ్లు కదిలాయి. నేను ఖాళీ కొట్టం వెనక దర్వాజలో నిలబడి ఉన్నాను.

వెళ్ళిపోయిన అత్త వానలో వెనక్కి వచ్చింది. ఏదో మర్చిపోయిందనుకున్నాను. గోడ దగ్గరికి పోయి, మేస్త్రి వదిలేసిపోయిన కమ్మీని పట్టుకుంది. దాని తీగ అప్పటికే తీసేశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వానల చిటుకేంది అత్తా?" అన్నాను.

"ఉంటే ఉంటది. చూడనీయ్" అంది.

ఆమె మొహం పక్కకు తిప్పుకుని తోటలోకి చూస్తోంది. చేతి మీద వాననీళ్ళు కారుతున్నాయి, అవి ఆమెవో నావో తెలియలేదు. వదల్లేదు. చాలాసేపటికి "లేదు, పోయింది" అని, నా చెయ్యిని మెల్లగా నా పక్కన పెట్టి, కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఎన్నోసార్లు ఎదురుపడ్డాం. ఇద్దరం పక్కకు తప్పుకునే వెళ్ళాం. మళ్ళీ ఎప్పుడూ ఆమె నన్ను ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ చెంబుతో నీళ్ళు పట్టుకుని తోటకు వెళ్ళాను. గుంత వాననీళ్ళతో నిండిపోయి ఉంది. చెంబెడు నీళ్ళూ అందులోనే పోసి ఇంటికి వచ్చేశాను.